ఆకు వంచిన నీళ్ళు

కంటి చుక్కల మందు కోసం మొన్న కృష్ణగిరిలో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చొని ఉండగా, పక్కనున్న రైతు చేతిలో ఒక అచ్చుకాగితం కనిపించింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఏమి తినవచ్చునో, ఏమి తినరాదో చెప్పే పట్టిక అది. ఒకవైపు తమిళం, రెండవవైపు ఇంగ్లీషు. ఆయనకు వచ్చినది తెలుగు, అదీ మాట్లాడటం వరకే. కాగితాన్ని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకోబోతుంటే అడిగి తీసుకొని చూశాను. ఏడవ వరుసలో ఆ వాక్యం చెక్కుచెదరకుండా ఉంది. ఆకుకూరలను ఉడికించి, నీటిని వంచి, తినవలెను.

లేచి, ఆ కాగితాలు పంచే బల్ల దగ్గరకు వెళ్ళాను. ఈ వాక్యం చాలదనీ, దీని కింద ఇంకొక వాక్యం చేర్చాలనీ అక్కడి అమ్మాయికి చెప్పాను.

"అది ఫార్మాట్ సార్. మేము మార్చేదానికి లేదు."

"ఎవరు మారుస్తారమ్మా?"

"తెలీదు సార్. మీది కంటి టోకెనే కదా? ఆ పక్క కూర్చోండి."

ఆ పక్క కూర్చున్నాను. ఎవరికి రాస్తే ఆ వాక్యం మారుతుందో చెప్పగలిగినవారు ఆ కట్టడంలో ఒక్కరూ లేరు. రైతుకు చెప్పవలసినది నోటితో చెప్పి పంపించాను. కాని ఆ కోపం ఇల్లు చేరేదాకా తగ్గలేదు. ఎందుకంటే అదే వాక్యాన్ని ఒకప్పుడు నేనే తెలుగులోకి మార్చి, ముత్యాల వంటి అక్షరాలతో రాసి, ఒక ఇంటి గోడకు అంటించాను. ఆ ఇల్లు ఉద్దనపల్లిలో మా మరదలిది, అంటే నా భార్య చెల్లెలిది. ఆమె ఇప్పుడు లేదు. ఆ వాక్యం ఆమెకు ఏమి చేసిందో ఎక్కడైనా ఒకచోట రాసి ఉండాలి గనుక రాస్తున్నాను.

ఆమె కూర్చొని మాట్లాడగా నేను చూసినది అరుదు. ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండవ చెయ్యి ఏదో ఒక పనిలో ఉండగా, నిలబడే మాట్లాడేది. కొత్తిమీర కట్టలు కట్టేటప్పుడు అరటినార ఒక కొసను పళ్ళతో పట్టి బిగించేది; నవ్వు వస్తే ఆ నారను వదలకుండానే నవ్వేది. ఏ కూరగాయనైనా వేలి కణుపుతో తట్టి చూడనిదే తరిగేది కాదు. తట్టి ఏమి వింటావని ఒకసారి అడిగాను. "లోపల ఎవరైనా ఉండారేమోనని, బావా" అన్నది.

నేను మత్తిగిరి పశువుల ఫారంలో ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఏ ఆవుకు ఎంత దాణా, ఎంత పచ్చిమేత, ఏ పూట ఎన్ని పాలు, ఏ దూడ ఎప్పుడు పాలు మరిచింది, అన్నీ గళ్ళలో ఉండేవి. నా రిజిస్టరులో లేని రోగం ఫారంలో ఉండేది కాదు. ఈ సంగతి మా మరదలికి జీవితకాలపు వేడుక. పండుగకు మా ఇంటికి వస్తే గడప దగ్గరే నిలబడి, "అక్కా, బావ నీకు ఈ పొద్దు ఎన్ని కిలోల మేత రాసినాడే?" అని అరిచేది. వీధంతా వినేది. బావను ఎగతాళి చేయడం మరదలి హక్కు; ఆ హక్కును ఆమె ఒక్కనాడూ వృథా చేయలేదు.

టమాటా తోటలో పాత ఊతకర్రలు ఏరుతుండగా ఆమెను రక్తపింజరి కరిచింది. పాదం మీద, చిటికెన వేలికి పైన. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. మూత్రం ఆగిపోయి, ఒళ్ళంతా ఉబ్బి, పేరు పెట్టి పిలిస్తే పలకని స్థితి నుంచి తిరిగి వచ్చింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. రక్తపింజరి నుంచి బతికినవాళ్ళకు నూరేళ్ళని పెద్దలు దీవించారు. ఆ దీవెనలు విని నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకూ మా తోడల్లుడికీ చెప్పిన మాట వేరు. విషం పోయింది గాని, పోతూ పోతూ మూత్రపిండాల బలంలో సగానికి పైగా తీసుకుపోయింది. మిగిలిన బలాన్ని తిండితో కాపాడుకుంటే చాలా ఏళ్ళు నడవవచ్చు. కాపాడుకోకపోతే మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవలసి వస్తుంది. ఆకులలో, పండ్లలో, టెంకాయ నీళ్ళలో ఉండే పొటాషియం అనే లవణం ఆమె రక్తంలో పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఉప్పు తగ్గించాలి. నీళ్ళు రోజుకు ఒక చెంబుకు మించకూడదు.

"పాము పోయింది బావా. దాని కాపురం మాత్రం నా నడుములో పెట్టిపోయింది" అన్నది ఆమె, ఇల్లు చేరిన రోజున.

మా తోడల్లుడు మంచివాడు. మాట తక్కువ, మడి పని ఎక్కువ. ఆమె చదువుకోలేదు, ఆయన చదివినది సంతకం వరకు. కనుక ఆమె పథ్యం నేను నా చేతికి తీసుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనే తీసుకున్నాను. ఆసుపత్రి కాగితాన్ని వరుస తప్పకుండా తెలుగు చేసి, పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి, వారి వంటింటి గోడకు అంటించి, వరుస వరుసా చదివి వినిపించాను. నూరు పుటల నోటుపుస్తకంలో గళ్ళు గీశాను: తేదీ, చెంబు నీళ్ళు, ఆకు, పప్పు, పండు, ఉప్పు, కాళ్ళ వాపు, బరువు. ప్రతి సోమవారం మధ్యాహ్నం భోజనం ముగించుకొని హోసూరులో బస్సెక్కి ఉద్దనపల్లిలో దిగేవాణ్ణి. వారం మొత్తం అడిగి, గళ్ళు నింపుకొని, నాలుగు గంటల బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. రోగి ఉన్న ఇంట్లో భోజనానికి కూర్చోవడం సభ్యత కాదని నా నియమం. మంచినీళ్ళు కూడా తాగేవాణ్ణి కాదు.

"దాణా రాసుకునేదానికి వచ్చినాడు" అనేది ఆమె నన్ను చూడగానే, లోపల ఉన్న మొగుడికి వినపడేటట్లు. ఆ వెంటనే వాకిట్లో కట్టిన గేదెతో, "ఒసే ఎనుమా, నువ్వు పక్కకు జరుగు. ఈ పొద్దు నా వంతు."

బరువు చూడటానికి ఇంట్లో యంత్రం లేదు. ఊరి బయట కొత్తిమీర, టమాటా కొనే మండీలో పెద్ద తూకం ఉంది. సోమవారం తిరుగు బస్సుకు ముందు అక్కడికి తీసుకువెళ్ళేవాణ్ణి. టమాటా బుట్టలు దించిన ఇనుప పలక మీద ఆమె చెప్పులు విడిచి నిలబడేది. అక్కడి మనుషులు నవ్వేవారు. ఆమె వాళ్ళ కంటే ముందు నవ్వేది. "ఏం బావా, ఫస్టు రకమా, సెకండా? గోనెసంచి బరువు తీసేసి రాయప్పా."

తినకూడని వాటికి ఆమె చుట్టరికాలు కలిపింది. టమాటా సవతి. మామిడిపండు అలిగిపోయిన ఆడబిడ్డ. కృష్ణగిరి చుట్టూ మామిడి దిగే నెలల్లో ఇంటింటా బుట్టలు ఉంటాయి కదా. వారి వసారాలో గడ్డి మీద పరిచిన కాయల మధ్య నడుస్తూ, "ఆడబిడ్డ పలకరించినా పలకకూడదు, అంతే" అని తనకు తాను చెప్పుకొనేది. లేతటెంకాయ పెద్దింటి అల్లుడు. వస్తే కాదనలేము, ఉంచుకోలేము. నిజంగానే ఆ సంవత్సరం ఆమెకు లేతటెంకాయల బాధ తప్పలేదు. చూడటానికి వచ్చే ప్రతివారూ రెండు కాయలు పట్టుకొచ్చేవారు. జబ్బు మనిషికి లేతటెంకాయ నీళ్ళు చలువ అని నమ్మిన జనం. అవి ఆమెకు విషమని నేను ఎంతమందికో చెప్పాను, ఒక అట్ట రాసి వాకిట్లో కూడా పెట్టాను. అట్ట చదివి, కాయలు లోపల పెట్టి వెళ్ళేవారు. ఆమె వాటిని మంచం కింద దొర్లించి ఉంచి, ఇంకొకరి ఇంట్లో ఎవరికైనా జ్వరమని తెలిస్తే అక్కడికి పంపేది. మూడిళ్ళు తిరిగి ఒక కాయ మళ్ళీ ఆమె దగ్గరకే వచ్చింది. తొడిమె దగ్గర కొడవలి గాటు చూసి గుర్తుపట్టింది. "అల్లుడు దారి మరవలేదు చూడు బావా!"

చెంబు విషయంలో మాత్రం ఎగతాళి లేదు. తెల్లవారగానే రోజుకు సరిపడే నీళ్ళు ఒక కంచు చెంబులో పోసి, మీద చిన్న పళ్ళెం మూసి, దేవుడి గూటి పక్కన పెట్టేది. దాహం వేస్తే ఒక గుక్క నోట్లో పట్టి, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, ఆలస్యంగా మింగేది. ఒకనాడు నేను ఉండగానే కరెంటు మోటారు బాగుచేసే మనిషి ఎండలో వచ్చి, గూటి పక్కన చెంబు కనిపించిందని ఎత్తి గటగటా తాగేశాడు. మధ్యాహ్నం రెండు గంటలయింది. ఆమె చూస్తూ నిలబడింది. "చల్లగా ఉండాయా అప్పా?" అని అడిగింది అతణ్ణి. అతడు వెళ్ళిన తరువాత ఇంకొక అర చెంబు పోసుకోమని నేనే అన్నాను. వద్దన్నది. "నా వంతు అయిపోయింది బావా. ఎవరు తాగితే ఏమి, చెంబు చెంబే."

అటువంటి మనిషి మాట తప్పుతుందని నేను అనుమానించాను.

సంవత్సరం తిరగకముందే రక్తపరీక్షల్లో పొటాషియం పెరగసాగింది. ఒక నెల కొంచెం, మరు నెల ఇంకొంచెం. కాళ్ళ వాపు దిగలేదు. నా నోటుపుస్తకంలో మాత్రం అన్ని గళ్ళూ సరిగానే ఉన్నాయి. నీళ్ళు ఒక చెంబు, సరి. పండు లేదు, సరి. ఆకు ఉడికించి నీళ్ళు వంచినది, సరి, సరి, సరి. పుటల కొద్దీ నా టిక్కులు. మొదట పరీక్షశాలను అనుమానించాను. వేరొకచోట మళ్ళీ చేయించాను, అదే వచ్చింది. తరువాత మాత్రలను అనుమానించాను. చివరికి డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీసి, "ఇంట్లో ఏదో తింటున్నారు సార్. మీకు చెప్పటం లేదు" అన్నది. ఆ మాట నాకు అవమానంగా తోచింది. నా రిజిస్టరులో అబద్ధమా?

మరునాడు సోమవారం కాదు. పొద్దున మొదటి బస్సుకే బయలుదేరాను. ఆమె పొయ్యి ముందు నిలబడి తోటకూర తుంచుతున్నది. మా తోడల్లుడు గడప మీద కూర్చొని కాఫీ తాగుతున్నాడు. నేను కాగితం తీసి ఇద్దరి ముందూ చదివాను.

"ఏమి తింటున్నావమ్మే? మామిడిపండా? నిజం చెప్పు."

"నేనా?"

"నువ్వే. నాకు రాయించేది ఒకటి, నోట్లో వేసుకునేది ఇంకొకటి. నేను ప్రతి వారం ఎండలో పడి వచ్చేది నీ అబద్ధాలు రాసుకోవడానికా?"

మా తోడల్లుడు కాఫీ లోటా కింద పెట్టాడు. ఆమె చేతిలోని తోటకూర కాడ చేతిలోనే ఉండిపోయింది. 

"దొంగతిండి తిన్నానంటావా బావా" అన్నది, చాలా మెల్లగా. "సరే. ఈ పొద్దు నువ్వు యాడికీ పోవద్దు. ఈడనే కూర్చో. నేను వండేది చూడు, తినేది చూడు. నువ్వూ తిను. ఆ మీదట రాసుకో."

పీట వేసింది. కూర్చున్నాను. ఆమె తోటకూర, దంటుకూర కలిపి కడిగి, చిన్నగా తరిగి, కాసింత కందిపప్పు వేసి, నీళ్ళు నిండుగా పోసి ఉడకబెట్టింది. ఉడికిన తరువాత కుండ మీద పళ్ళెం మూసి, రెండు చేతులా గుడ్డతో పట్టి, ఇంకొక గిన్నెలోకి వంచింది. ఆకుపచ్చని నీళ్ళు ధారగా దిగాయి. చివరి చుక్క పడేదాకా వంచే ఉంచి, నా వైపు తిరిగి, కుండ మూత తీసి చూపించింది.

"చూసినావా? చుక్క లేదు. చెప్పినట్లు చేసినానా, లేదా?"

"చేసినావు" అన్నాను.

ఆకును పక్కన పెట్టింది. రోలు దగ్గరకు వెళ్ళి ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, నాలుగు టెంకాయ ముక్కలు, కాసింత చింతపండు నూరి తెచ్చింది. ఆ ముద్దను వంచిన నీళ్ళలో కలిపి, గిన్నెను మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది.

బస్సారు. ఆకు వంచిన నీళ్ళతో కాచే సారు. దానిలో రాగిముద్ద ముంచి మింగడం ఈ నేల మీద పుట్టిన ప్రతివారికీ పాలు మరిచినప్పటి నుంచి తెలిసినదే. ఆకు ఉడికిస్తే నీళ్ళు వంచేది ఎందుకు? సారు కాచడానికే. ఆ నీళ్ళు పారబోసిన ఇల్లాలిని నేను ఈ చుట్టుపక్కల చూడలేదు. అన్నం వార్చిన గంజినైనా పశువుల తొట్టిలో పోస్తారు. ఆకు వంచిన నీళ్ళను పోయరు. నేను అంతకు ముందు రోజు నా ఇంట్లో తిన్నదీ అదే. ఆ కాగితాన్ని తెలుగు చేసిన నాడు నా పక్కన గిన్నెలో ఉన్నదీ బహుశా అదే. ఆకుల్లోని లవణమంతా ఏ నీళ్ళలోకి దిగుతుందో, ఏ నీళ్ళను ఒంట్లోకి పోనివ్వకూడదో, ఆ నీళ్ళనే ఆమె ప్రతిరోజూ రెండు పూటలా ముద్దతో తాగుతూ వచ్చింది. చెంబులో కొలిచి తాగే నీళ్ళు గాక, గరిటెలతో ఇన్ని నీళ్ళు. వాపు దిగకపోవడంలో వింతేముంది?

"ఆ నీళ్ళు పారబోయాలమ్మే" అన్నాను. 

"ఏ నీళ్ళు?"

"ఆ సారు."

"సారు పారబోసేదా? నీకేమైనా పిచ్చా బావా? వంచమని రాసినావు, వంచినాను. పారబోయమని యాడ రాసినావు? గోడ మీదే ఉండాది, చదువు."

చదివాను. యాడా రాయలేదు. కాగితం రాసినవారికి ఇడ్లీ, చపాతీ తెలుసు, ముద్ద తెలియదు. వారికి తెలియకపోవడం క్షమించవచ్చునేమో. ముద్ద తిని పెరిగినవాణ్ణి, నాకు?

నేను వివరించాను. డాక్టరమ్మ చెప్పినట్లే వివరించాను. ఆమె గరిటె పట్టుకొని చివరిదాకా విన్నది. తరువాత నవ్వింది, ఆ నవ్వును ఇప్పటికీ ఏమనాలో నాకు తెలియదు.

"అంటే ఆకును మంచిది చేసి, దాంట్లోని చెడునంతా గిన్నెకు వంచుకొని, నేనే తాగినానా? సంవత్సరమంతా? పాము అయినా ఒక్కసారే కరిచింది కదా బావా."

మా తోడల్లుడు తువ్వాలు భుజాన వేసుకొని మడి వైపు వెళ్ళిపోయాడు.  ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ గిన్నె దించి, తొట్టిలో పోయడానికి ఆమె స్వయంగా వెళ్ళింది. "తాగవే ఎనుమా. నీ అదృష్టం బాగుండాది" అనడం వినపడింది.

ఆ తరువాత జరిగినది నా రిజిస్టరు ప్రకారం చూస్తే విజయం. వంచిన నీళ్ళు పారబోయడం మొదలుపెట్టిన మరు నెలకే పొటాషియం దిగింది. ఆ మరు నెల ఇంకా దిగింది. డాక్టరమ్మ కాగితం చుట్టూ పెన్నుతో గీత గీసి, "గుడ్, ఇట్లే కొనసాగించండి" అన్నది. కాళ్ళ వాపు తగ్గింది. దానితో పాటు మండీ తూకం మీద బరువు కూడా తగ్గుతూ వచ్చింది. ముద్దను నమలరు, మింగుతారు; సారు లేకపోతే అది గొంతు దిగదు. పచ్చడి వేసుకుంటే ఉప్పు, కారం. మజ్జిగ పోసుకుంటే నీళ్ళ లెక్క. చపాతీలు చేయించాము. "నమిలి నమిలి దవడలు నొస్తా ఉండాయి బావా. తిండి తిన్నట్లు లేదు, కూలికి పోయినట్లుండాది" అన్నది. అన్నం రెండు పిడికెళ్ళు పెట్టుకొని ఒకటి వదిలేసేది. వంట చేసేటప్పుడు కూరగాయలను తట్టి చూడటం మానేసింది. నేను గమనించి అడిగాను. "లోపల ఎవరుంటే నాకేమి?" అన్నది.

ఒకనాడు నేను ఒంటరిగా వెళ్ళి డాక్టరమ్మను అడిగాను: ఆ సంవత్సరం సారు తాగి ఉండకపోతే ఎంత మిగిలి ఉండేది? ఆమె దయగలది. "చెప్పలేం సార్. విషం అప్పుడే చాలా తినేసింది. ఎట్లయినా ఇక్కడికే వచ్చి ఉండవచ్చు, ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉండవచ్చు" అన్నది. ఆ 'ఇంకొంచెం' ఎంత అని మళ్ళీ అడిగాను. బయట చాలామంది కూర్చొని ఉన్నారని ఆమె తలుపు వైపు చూసింది.

రెండవ వేసవిలో మిషను తప్పలేదు. వారానికి రెండు రోజులు కృష్ణగిరి. రాయకోట మీదుగా బస్సు, నాలుగు గంటలు మంచం, మళ్ళీ బస్సు. అలా కొన్ని వారాలే నడిచింది. ఒక మిషను రోజుకూ ఇంకొక మిషను రోజుకూ నడుమ, వాకిట్లో నిలబడి మొగుడికి ఏదో చెబుతూ, మాట మధ్యలో ఒరిగిపోయింది. ఆ వార్త నాకు ఫోనులో తెలిసింది. అంతకు మూడు రోజుల ముందు జరిగినదే నేను నిజంగా చెప్పవలసినది. మిగిలినదంతా దానికి దారి.

ఆ మిషను గది నర్సమ్మ తమిళంలో మాకు ఒక మాట చెప్పింది. మిషను ఎక్కించిన మొదటి గంటలో కొంచెం ఇష్టమైనది తినవచ్చు. లోపలికి పోయినదాన్ని మిషను లాగేస్తుంది. ఈ మాట వినగానే మా మరదలి కళ్ళు నా వైపు తిరిగాయి.  ఆ చూపు బస్సారు కోసమని తెలిసింది.

మరుసటిసారి మా తోడల్లుడికి తోటలో మందు కొట్టే పని ఉండి, నేను ఒక్కణ్ణే తోడు వెళ్ళవలసి వచ్చింది. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కలేదు. తెల్లవారి లేచి చెల్లెలి కోసం బస్సారు కాచింది. ముద్దను తడిగుడ్డలో చుట్టింది. సారు దించే ముందు ఉప్పు డబ్బా తీసి, మూడు వేళ్ళ మధ్య చిటికెడు పట్టుకొని నా ముఖం చూసింది.

"ఈ పొద్దన్నా వేస్తానయ్యా."

"వద్దు" అన్నాను. కారణం చెప్పాను కూడా. ఉప్పు దాహం పెంచుతుంది. దాహం నీళ్ళు తాగిస్తుంది. నీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరితే మనిషికి ఊపిరి ఆడదు. నేను చెప్పినదానిలో తప్పు లేదు. ఆమె ఆ చిటికెడు ఉప్పును తిరిగి డబ్బాలో రాల్చింది.

ఎడమచేతిలో నరం దొరకలేదని ఆ రోజు కుడిచేతికే సూదులు వేశారు. కట్టిన చెయ్యి కదపకూడదు. క్యారియరు తెరవగానే వాసనకు పక్క మంచం ముసలాయన కూడా తల తిప్పాడు. ఆమె తన చేతిని చూసుకొని, నన్ను చూసింది. మా కుటుంబాలలో బావ మరదలికి అన్నం తినిపించడమన్నది లేదు. నర్సమ్మ వేరే మంచం దగ్గర ఉంది. నేను చేతులు కడుక్కొని వచ్చి, ముద్దలో చిన్న తునక తుంచి, వేళ్ళతో ఉండ చేసి, సారులో ముంచి పట్టుకొని నిలబడ్డాను.

"ఫారంలో ఏ ఆవుకైనా ఇట్ల పెట్టినావా బావా?"

"లేదు."

"అక్కకు?"

"నోరు మూసుకొని నోరు తెరువు."

ఆ మాటకు నవ్వింది, చెయ్యి కదలకుండా జాగ్రత్తపడుతూ. నోరు తెరిచింది. మింగి, కళ్ళు మూసుకొన్నది. గొంతులో ముద్ద దిగడం నాకు కనిపించింది. ఎన్నో నెలలుగా ఆమె గొంతు అంత తేలికగా ఏదీ మింగలేదు. రెండవది పెట్టాను. మూడవది పెట్టాను. చుక్క సారు గడ్డం మీదికి జారితే ఎడమచేతి వెనుకవైపుతో తుడుచుకొన్నది.

"ఎట్లుండాది?" అని అడిగాను, ఆమె మాటలోనే.

"అక్క చెయ్యి మారలేదు."

నాలుగవ తునక ముంచుతుండగా మళ్ళీ మాట్లాడింది. ఈసారి ఎగతాళి లేదు.

"ఒకటి అడుగుతా. ఉప్పు అక్క మరిచిపోయిందా? నువ్వు వద్దంటివా?"

అబద్ధం చెప్పడానికి అవకాశం ఉండింది. అక్క మరిచిపోయిందని చెప్పవచ్చు. ఆమె నమ్మేది కాదు గాని, నమ్మినట్లు ఉండేది.

"నేనే వద్దన్నాను" అన్నాను.

ఆమె కొంతసేపు మిషనులో తిరుగుతున్న తన రక్తాన్ని చూసింది.

"సరేలే బావా. మంచికే కదా చెప్పింటావు" అన్నది. అని, తల కొంచెం ఎత్తి, తరువాతి ముద్ద కోసం నోరు తెరిచింది.